దొరగారి డ్రైవరు సీటు

తమ్ముడు బానెట్ ఎత్తి ఇంజనులోకి తల దూర్చాడు. నేను డ్రైవరు వైపు తలుపు తీసి, సీటు కుట్టు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశాను. పాత బండి కొనడానికి వెళ్లిన చోట ఎవరి పిచ్చి వాళ్లది.

బండి ఒక పళ్ల డాక్టరుగారిది. పదకొండేళ్ల వయసు, నల్ల రంగు, మా వంటగదికన్నా రెండు జానలు పొడుగు. కొత్తలో అలాంటిది కొనాలంటే మేమిద్దరం ఇంకో నాలుగు జన్మలెత్తినా చాలదు. ఇప్పుడు మాత్రం వెనక కుడివైపు కూలబడి, అలిగి కూర్చున్నట్టుంది. ఇలాంటి ఖరీదైన బండ్లకి స్ప్రింగుల బదులు గాలితో ఉబ్బే రబ్బరు తిత్తులుంటాయట. ఆ మూల తిత్తి చిరిగిందని తమ్ముడు బండి కింద పడుకుని, టార్చి వేసి చూసి చెప్పాడు.

"బాగవుతుందా?" అన్నాను.

"అవుతుంది. ఇంజను మాత్రం బంగారం అక్కా. ఆయిలు టైముకి మార్పించారు."

"సీట్లే చచ్చాయి," అన్నాను, డాక్టరుగారికి వినపడేలాగా. లోపల మాత్రం ఎగిరి గంతేయాలనుంది. తోలు పగిలి పెచ్చులూడుతోంది గానీ కింద ఫోమ్ గట్టిగా ఉంది, చట్రానికి ఎక్కడా తుప్పు లేదు. బాగున్న సీట్లయితే ఇక నేనెందుకు?

డాక్టరుగారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "అంతా బాగానే ఉంది గానీ, ఒకసారి నడిపి చూడరా?" అన్నారు. మా ఇద్దరికీ ఆ సంగతే గుర్తు లేదు.

నాది సీట్లు కుట్టే పని. నాన్న బస్సులకి సీట్లు కుట్టేవాడు, ఆ పని నాకు ఒంటబట్టింది. వీధిలో అందరూ నన్ను సీట్లక్క అంటారు. మా ఆయన కూడా అప్పుడప్పుడు అలాగే పిలుస్తాడు, నన్ను బతిమాలాల్సిన అవసరం పడినప్పుడు. తమ్ముడు పదిహేనేళ్లు ఒక పెద్ద కంపెనీ వర్క్‌షాపులో మెకానిక్‌గా చేసి, ఈ మధ్యే మానేసి సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. షెడ్డు ముందు సగం వాడిది, వెనక సగం నాది. మధ్యలో ఒక టార్పాలిన్ తెర. ఆ తెరకి అవతల వాడు ఇనుము మీద కొడుతుంటే, ఇవతల నేను మిషను తొక్కుతూ తిడుతుంటాను.

పెద్ద బండ్లున్నవాళ్లు మా షెడ్డుకి రారు. రేకుల కప్పు చూసి అటు నుంచి అటే వెళ్లిపోతారు. అందుకని ఇద్దరం కూడబలుక్కున్నాం: చెరి సగం వేసుకుని ఒక పాత పెద్ద బండి కొందాం, కింద పని వాడు చేస్తాడు, లోపల పని నేను చేస్తాను, చేసి షెడ్డు ముందు నిలబెడదాం. దాన్ని చూసైనా ఆగుతారు కదా.

బండి తెచ్చిన రోజు నా కాలు నేల మీద ఆగలేదు. వీధి మొత్తం బయటికొచ్చింది. మా ఆయన స్కూలు బస్సు నడుపుతాడు, ఆయనకి ఏ బండి చూసినా ఆశ్చర్యం ఉండదు. దీని చుట్టూ మాత్రం రెండుసార్లు తిరిగి, కూలబడ్డ మూల దగ్గర ఆగి, "దొరగారికి ఒంట్లో బాగోలేనట్టుందే," అన్నాడు. అప్పట్నుంచి దాని పేరు దొరగారే.

మూడు వారాలు పండగలా గడిచాయి. తమ్ముడు గాలి తిత్తి మార్చాడు, నీళ్లు కారే పైపు మార్చాడు, వెనక కెమెరాకి వైరు లాగాడు. నేను నాలుగు సీట్లూ విప్పి తెచ్చి, పాత తోలు ఒలిచేసి, తేనె రంగు తోలు కోసి కుట్టాను. ఒక్కో అంగుళానికి ఎనిమిది కుట్లు, ఒక్కటి కూడా వంకర పోలేదు. కుట్టిన తోలుని ఫోమ్ మీద లాగి బిగించి, అడుగున ఉన్న తీగకి చిన్న చిన్న ఇనుప రింగులతో పట్టేయాలి. ప్లయర్‌లో రింగు పెట్టి నొక్కితే అది ముడుచుకుని తోలుని, తీగనీ కలిపి పట్టుకుంటుంది. నాన్న నాకు నేర్పింది ఒకటే: చూపు కుట్టు మీద ఉండాలి, రింగు చేతికి తెలియాలి. నేను అడుగు వైపు చూడకుండా నిమిషానికి పది రింగులు నొక్కుతాను. డ్రైవరు సీటు పూర్తయ్యాక దాన్ని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నా జన్మలో అంత మంచి సీటు కుట్టలేదు. ఈ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

మొదటిసారి తాళం తిప్పింది నేనే. దొరగారు ఒక్క క్షణం ఆలోచించి, బుస్సుమని గాలి పీల్చుకుని, నాలుగు మూలలా సమంగా పైకి లేచారు. వెనక సీట్లో మా ఆయన "అమ్మో" అన్నాడు. నేను పొట్టిదాన్ని, సీటు పక్క బటన్ నొక్కితే సీటు నన్ను మెల్లగా ముందుకి తీసుకెళ్లి పెడల్స్ దగ్గర దింపింది. ఊరు దాటి పెద్ద రోడ్డెక్కాక కాలు కొంచెం నొక్కానో లేదో, చెట్లన్నీ వెనక్కి పరిగెత్తాయి. ఇన్నేళ్లూ ఊళ్లో అందరి బండ్లకీ సీట్లు కుట్టి, పని అయ్యాక స్కూటరెక్కి ఇంటికెళ్లినదాన్ని. ఆ రోజు నేను కుట్టిన సీట్లో నేనే కూర్చున్నాను. నవ్వు ఆపుకోలేకపోయాను. తమ్ముడు పక్కన కూర్చుని ఇంజను చప్పుడు వింటూ కళ్లు మూసుకున్నాడు.

"నిద్రపోతున్నావేంట్రా?"

"మాట్లాడకక్కా, వింటున్నా."

ఆ వారంలోనే, మేం అనుకున్నట్టే, ఒకావిడ షెడ్డు ముందు ఆగింది. ట్రావెల్స్ నడుపుతుంది, పది పెద్ద బండ్లు అద్దెకి తిప్పుతుంది. తెల్లజుట్టు, మాట పొదుపు. దొరగారి డ్రైవరు సీట్లో కూర్చుని, చేత్తో తోలు నిమిరి, అయిదు నిమిషాలు దిగలేదు.

"నా పది బండ్ల సీట్లూ నువ్వే కుట్టాలమ్మా," అంది నాతో. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "బాబూ, నువ్వు కంపెనీలో చేసేవాడివట కదా. ఈ బండి నెల రోజులు పేచీ పెట్టకుండా తిరగనీ. ఒకటో తారీఖున వస్తాను. బాగుంటే పది బండ్ల రిపేర్లూ నీకే."

ఆవిడ వెళ్లగానే తమ్ముడు గోడకి ఉన్న క్యాలెండరు దగ్గరికెళ్లి నిలబడ్డాడు. ఉద్యోగం మానేసిన దగ్గర్నుంచి వాడికి వచ్చినవన్నీ పంక్చర్లూ, బ్రేకులూ. మరదలు మళ్లీ కంపెనీకి వెళ్లి అడగమని రోజూ పోరుతోంది. ఈ పది బండ్లు దొరికితే షెడ్డు నిలబడుతుంది, దొరక్కపోతే మూసేయడమే. ఆ సంగతి వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు, ఇద్దరికీ తెలుసు.

సోమవారం పొద్దున తాళం తిప్పితే దొరగారు ఉలకలేదు, పలకలేదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయింది. పాత బ్యాటరీ కదా అని తమ్ముడు కొత్తది వేశాడు. గురువారం మళ్లీ అదే కథ. ఛార్జింగు చేసే డైనమో మార్చాడు. ఆదివారం మళ్లీ. మా ఆయన పొద్దున్నే పళ్లు తోముకుంటూ, "దొరగారు లేచారా?" అని అడగడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

నాకు ముక్కు మీదే కోపం, అది అందరికీ తెలిసిందే. కానీ ఆ రోజుల్లో నేను నోరు పారేసుకున్నట్టు ఇంకెప్పుడూ పారేసుకోలేదు. ఒక రోజు ఇద్దరు కస్టమర్లు నిలబడి ఉండగానే ఒంటికాలి మీద లేచాను.

"కంపెనీ వాళ్లు నీకు పదిహేనేళ్లు జీతమిచ్చింది స్పానర్లు తుడవడానికేనా? ఒక్క బండిని పొద్దున లేపలేవు. నా సీట్ల పరువు కూడా తీస్తున్నావు."

వాడు చేతులు తుడుచుకుని మళ్లీ బానెట్ కిందకి వంగాడు. ఆ ఇద్దర్లో ఒకాయన బల్ల మీద పెట్టిన తన తాళాలు తీసుకుని, "రేపొస్తానులే," అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆయన తాళాలు తీసుకోవడం నేను చూశాను. చూసి కూడా ఆపలేదు, ఇంకో రెండు మాటలన్నాను.

మర్నాటి నుంచి తమ్ముడు బానెట్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చేతిలో కరెంటు కొలిచే మీటరు, ఒళ్లో ఒక కాగితం.

"బండి పడుకున్నాక కూడా లోపల ఎవరో మేలుకుని కరెంటు తాగుతున్నారక్కా. వాళ్లెవరో పట్టుకోవాలి," అన్నాడు.

ఆ బండికి డెబ్భై పైచిలుకు ఫ్యూజులు. ఒక్కోటి పీకాలి, బండి మళ్లీ నిద్రపోయేదాకా పావుగంట ఆగాలి, మీటరులో ముల్లు తగ్గిందేమో చూడాలి, తగ్గకపోతే ఫ్యూజు పెట్టేసి కాగితం మీద టిక్కు కొట్టాలి. రెండు రోజులు వాడు ఆ స్టూలు దిగలేదు. నేనైతే అయిదో ఫ్యూజుకే బండిని తన్నేదాన్ని.

మూడో రోజు మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకెళ్లేసరికి వాడు మీటరు తీసేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

"దొరికిందా?"

"దొరికిందక్కా."

"ఏంటి?"

"నాదే. కెమెరాకి లాగిన వైరు."

"నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నానా," అన్నాను. వాడు డబ్బా మూత తీసి తినడం మొదలుపెట్టాడు. ఇంటికొచ్చి మా ఆయనకి ఈ సంగతి గొప్పగా చెప్పాను. ఆయన "గెలిచావులే," అన్నాడు. ఆ మాట ఎందుకో నచ్చలేదు.

తర్వాత నాలుగు రోజులూ బండిని షెడ్డులోనే ఉంచి, పొద్దున్నే వాడే స్టార్ట్ చేశాడు. ఒక్కసారికే లేచింది. నాలో మళ్లీ ఉత్సాహం పొంగుకొచ్చింది. ఒకటో తారీఖు పొద్దున సీట్లకి మైనం రాసి, అద్దాలు తుడిచి, నా మిషను మీద కూడా ఒక గుడ్డ కప్పాను.

ట్రావెల్స్ ఆవిడ పదింటికి వచ్చింది. కూర్చోకుండానే అడిగింది. "ఏం బాబూ, నెలంతా బాగా తిరిగిందా?"

అబద్ధం చెప్తాడేమోనని భయపడ్డాను. ఆ అబద్ధమేదో చెప్పేయరా అని కూడా అనుకున్నాను.

"లేదు మేడం. మూడుసార్లు బ్యాటరీ దిగిపోయింది," అన్నాడు. "తప్పు నాదే. నేను వేసిన వైరు. సరిచేశాను."

ఆవిడ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "నిజం చెప్పావు, మంచిదే. కానీ పొద్దున నాలుగింటికి విమానాశ్రయానికి వెళ్లాల్సిన బండి లేవకపోతే నా కస్టమరుకి నిజం పనికిరాదు కదా బాబూ. సొంత బండి మీదే ఇలా అయితే పది బండ్లు నీకెలా ఇవ్వను? కొన్నాళ్లు పోయాక చూద్దాం." నా వైపు తిరిగింది. "సీట్లు మాత్రం సోమవారం నుంచి మొదలుపెట్టమ్మా. పద, ఒక రౌండు తిప్పు, ఆ సీటు సుఖం మళ్లీ చూడాలి."

తమ్ముడు గబగబా ముందుకొచ్చాడు. "నేను తిప్పుతాను మేడం."

"మీ అక్కని అడిగాను," అంది ఆవిడ.

నేను డ్రైవరు సీటెక్కాను. వాడి కాళ్లు పొడుగు, సీటు బాగా వెనక్కి ఉంది. పక్క బటన్ నొక్కాను. సీటు కదల్లేదు. మళ్లీ నొక్కాను. మోటారు చప్పుడు కూడా లేదు. నా కాళ్లు పెడల్స్‌కి జానెడు దూరంలో వేలాడుతున్నాయి.

తలెత్తి తమ్ముడి వైపు చూశాను. వాడు నేల చూపులు చూస్తున్నాడు.

అప్పుడర్థమైంది. డెబ్భై ఫ్యూజుల్లో వాడు పీకి మళ్లీ పెట్టనిది ఒక్కటే ఉంది, అది ఈ సీటుది. రాత్రంతా మేలుకుని బ్యాటరీ తాగేసింది నా సీటు. వాడికి నాలుగు రోజులుగా తెలుసు. నా పేరు చెబితే నా పది బండ్ల సీట్లు పోతాయని, తన పది బండ్లు పోగొట్టుకుని నిలబడ్డాడు. నేను చేసిన మర్యాదంతా కస్టమర్ల ముందు చెవులారా విని కూడా.

ఒక్క క్షణం నోరు మూసుకుందామనే అనుకున్నాను. ఆ సంగతి మీ దగ్గర దాచి మిగతా కథంతా చెప్పడం అన్యాయం. సీటు దూరంగా ఉన్నా కాళ్లు చాపి ఎలాగో నడిపేయొచ్చు, సోమవారం నుంచి పని మొదలవుతుంది, ఇంట్లో అయినవాళ్ల మధ్య సంగతి తర్వాత చూసుకోవచ్చు. అలా అనుకుంటూనే వాడి చొక్కా వైపు చూశాను. జేబులో ఆ కాగితం మడత ఇంకా కనిపిస్తోంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

దిగాను. తెర అవతలికి వెళ్లి నా బ్లేడు తెచ్చాను.

"అక్కా, వద్దు," అన్నాడు తమ్ముడు.

"నువ్వూరుకోరా."

సీటు ముందు మోకాళ్ల మీద కూర్చుని, నేను జన్మలో కుట్టిన అన్నిటికన్నా మంచి కుట్టుని, అంగుళానికి ఎనిమిది చొప్పున, ఈ చివర నుంచి ఆ చివరదాకా కోసేశాను. ట్రావెల్స్ ఆవిడ "ఏంటమ్మా ఇది," అంటూ దగ్గరికొచ్చింది. తోలు ఒలిచి, ఫోమ్ పక్కకి లాగి, రింగులు ఒక్కొక్కటే వేలితో తడిమాను. తొమ్మిదో రింగు తీగతో పాటు ఒక సన్నటి పచ్చ వైరుని కూడా కరుచుకుని ఉంది. వైరు మీద తొడుగు గీరుకుపోయి లోపలి రాగి మెరుస్తోంది.

నాన్న కుట్టిన బస్సు సీట్లలో వైర్లుండేవి కావు. అడుగు వైపు చూడకుండా నొక్కడం ఆ సీట్లకి చెల్లింది. నేను అదే చేత్తో దీన్నీ నొక్కేశాను.

"చూడండి మేడం," అన్నాను. "ఈ రింగు నేను నొక్కింది. ఇది ఆ వైరుకి తగులుతోంది. ఎవరో బటన్ నొక్కి పట్టుకున్నారనుకుని సీటుని కదిలించే కరెంటు డబ్బా రాత్రంతా మేలుకుంటోంది, బ్యాటరీ దిగిపోతోంది. అంతేనా?" అని తమ్ముణ్ని అడిగాను.

"అంతే," అన్నాడు నెమ్మదిగా.

"వీడు వేసిన వైరులో తప్పేం లేదు. రెండు రోజులు కూర్చుని నా తప్పు పట్టుకున్నాడు, పట్టుకుని తన నెత్తిన వేసుకున్నాడు. నేను వీణ్ని నలుగురిలో నానా మాటలూ అన్నాను. అవన్నీ నాకు చెందాలి. మీరు సీట్ల పని ఇవ్వకపోయినా ఫరవాలేదు, బండ్లు మాత్రం వీడికివ్వండి. ఇంత చిన్న గీత పట్టుకున్నవాడు మీకు ఇంకెక్కడా దొరకడు."

ఆవిడ వంగి రింగుని చూసింది. తర్వాత తమ్ముడి ముందు చెయ్యి చాపింది. "ఆ కాగితం ఇలా ఇవ్వు."

వాడు జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ మడత విప్పి పై నుంచి కిందదాకా చదివింది. వరసగా టిక్కులు. ఒక్క అంకె చుట్టూ మాత్రం పెన్నుతో గట్టిగా సున్నా చుట్టి ఉంది. పక్కన ఏమీ రాయలేదు.

"రేపు రెండు బండ్లు పంపిస్తాను," అంది వాడితో. "వెనకాలే మిగతావి. ఈసారి తప్పు ఎవరిదైతే వాళ్ల పేరు చెప్పు, నాకు అదే కావాలి."

వాడు తలూపాడు. కళ్లు తుడుచుకుంటూ చేతికున్న గ్రీజంతా మొహానికి పూసుకున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆవిడ నా వైపు చూసింది. "దీన్ని మళ్లీ కుట్టడానికి ఎంతసేపు పడుతుంది?"

"గంట."

తమ్ముడు రెండు రోజులు కూర్చున్న స్టూలుని ఆవిడే లాక్కుని కూర్చుంది. "కుట్టు. చూస్తాను. సీట్ల మాట ఆ తర్వాత."

వైరుకి తమ్ముడు టేపు చుట్టాడు. నేను మిషను మీద గుడ్డ తీసేసి, కోసిన అంచులు కలిపి కుట్టుకొచ్చాను. తోలు మళ్లీ ఫోమ్ మీద లాగి, ప్లయర్‌లో రింగు పెట్టి ఆగాను.

"వైరెక్కడుందిరా?"

వాడు టార్చి వేసి, తల సీటు కిందకి దూర్చాడు. "ఎడమ పక్కన. రెండు వేళ్లు అవతల. నొక్కు."

నొక్కాను. రెండోది పెట్టాను.

"ఇప్పుడెక్కడుంది?"

"దూరంగానే ఉంది. నొక్కు."

పద్నాలుగు రింగులు. పద్నాలుగుసార్లు అడిగాను, పద్నాలుగుసార్లూ చెప్పాడు. వాడి చోట నేనుంటే మూడోదానికే విసుక్కునేదాన్ని.